చెక్కదిమ్మ ఆగిన చోటు

స్నేహలత మేడంకు ఎవరి మీదా నమ్మకం లేదు. తను చదువుకున్న బోధన్ కాలేజీలోనే ఫిజిక్స్ చెప్తుంది. పిల్లల రికార్డు తెరవకముందే అందులో ఏదో దొంగతనం ఉందని ఆమె లెక్క. దసరా సెలవులయ్యాక మొదటి ల్యాబు అయిపోగానే పన్నెండు రికార్డులు ఆమె ముందుకొచ్చాయి.

ప్రయోగం చిన్నదే. ఒక్కొక్కరికీ ఒక పలక, దాని మీద ఒక చెక్కదిమ్మ, దాన్ని మేకుకు కట్టిన స్ప్రింగు. దిమ్మను లాగి వదిలితే స్ప్రింగు దాన్ని సున్నా గీత వైపు గుంజుతుంది, పలక రాపిడి అడ్డం పడుతుంది. ఎవరి బలం ఎంతో తేలేది దిమ్మ ఆగిన చోటే. అది గీతకు ఎంత దూరమో రాయాలి. పదకొండు మంది ఒక సెంటీమీటర్ అని రాశారు. మోస్రా నుంచి బస్సులో వచ్చే దీవెన ఒక్కతే అయిదని రాసింది.

ఇంకేముంది, దొంగ దొరికిందనుకుంది మేడం.

“చెయ్యకుండనే నోటికొచ్చింది రాసినవ్ కదా? సంతకం పెట్టను. ప్రాక్టికల్స్‌ల ఎట్ల కూసుంటవో సూస్త.”

సంతకం లేకుంటే పరీక్షకు రానివ్వరు, ఏడాది గంగపాలే. దీవెన కళ్లు నిండాయి గానీ తల దించలేదు. “అయిదుసార్లు చేసిన మేడం. మీరే గుంజి సూడుండ్రి.”

మేడం ఊరికే గుంజుతుందా? ముందు పలక కింద తడిమింది, స్ప్రింగు విప్పి చూసింది. తర్వాత లాగి వదిలింది. దిమ్మ అయిదు దగ్గర ఆగింది. మళ్లీ లాగితే నాలుగున్నర. పలక మీద వేలు పెడితే ఆరిన నూనె జిగురు, పచ్చగా. వాసన చూస్తే పసుపు!

గుమ్మంలో ఉన్న అటెండరు సాయవ్వ నవ్వింది. “దసరాకు పూజ జేసిన మేడం. నూనెల పసుపు కలిపి పలకలన్నిట్కి రాసిన. మనకు గవే కదా ఆయుధాలు!”

“అన్నిట్కా?”

“ఒక్కదాన్ని ఎట్ల ఇడుస్త?”

మేడం క్లాసు ఫస్టు భానుప్రసాద్ పలక దగ్గరికి పోయి లాగింది. అయిదు. పక్క పలకదీ అయిదే. ఆమెకు ఒళ్లు మండింది.

“మరి ఈ ఒకటి ఎక్కడిదిరా?”

భానుప్రసాద్ నేల చూపులు చూశాడు. “మీ రికార్డుదే మేడం. మీరు సదివినప్పటిది లైబ్రరీల ఉన్నది. అందరం గదే సూసి రాస్తం.”

మేడం దీవెన రికార్డు మీద సంతకం పెట్టింది. సిగ్గుతో మొహం ఎత్తలేకపోయింది.

దీవెన రికార్డు అందుకుని, ఏ కల్మషమూ లేకుండా అడిగింది. “మరి మీకు ఒకటి ఎట్లొచ్చింది మేడం? అప్పుడు పసుపు రాయలేదా?”

రాయలేదంటే అయిపోయేది. పిల్ల నమ్మేది కూడా.

“నేను అసలు గుంజనే లేదు దీవెనా,” అంది మేడం, క్లాసంతా వింటుండగా. “మా సీనియర్‌ది సూసి రాసిన.”