ఒప్పుకున్న బిస్కెట్లు

పది నెలల పథ్యం తర్వాత రక్తపరీక్షలో అంకె కిందటిసారి కంటే తగ్గలేదు సరికదా, నాలుగు పెరిగింది.

డాక్టరమ్మ కాగితాన్ని బల్ల మీద తిప్పి, పుస్తకాలు కుట్టే బైండరమ్మ వైపు జరిపింది. మొదటిసారి నూట ఎనభై. ఆర్నెల్లకు తొంభై. ఇప్పుడు తొంభై నాలుగు. ఉండవలసింది ఇరవై లోపు. బైండరమ్మ చదువు ఏడో తరగతితో ఆగినా లెక్కల్లో ఆమెను బురిడీ కొట్టించినవాడు లేడు. ఈ లెక్క మాత్రం ఆమెకు కొరుకుడు పడలేదు.

“ఎక్కడి నుంచో లోపలికి పోతోందమ్మా,” అంది డాక్టరమ్మ. “తెలిసో, తెలియకో. ఇంకొన్నాళ్ళు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే మళ్ళీ గొట్టం వేసి పేగు చూడాలి. ఆ తర్వాత మందుల మాట.”

“మా ఇంట్లో గోధుమ గింజ కాదు కదా, దాని నీడ కూడా లేదండీ.”

డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చున్న కూతురి వైపు తిరిగింది. “బయట ఏమైనా తింటున్నావా?”

“లేదండీ.”

“లేదంటుందండీ,” అంది తల్లి.

పదిహేనేళ్ళ పిల్ల. గోడకు తగిలించిన పేగు బొమ్మను చూస్తూ కూర్చుంది.

పిల్లకున్నది సీలియాక్ అనే జబ్బు. గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో గ్లూటెన్ అని సాగే పదార్థం ఒకటి ఉంటుంది. అది కడుపులో పడితే ఒళ్ళు దాన్ని శత్రువనుకుని యుద్ధానికి లేస్తుంది. ఆ యుద్ధంలో దెబ్బ తినేది సొంత పేగే. లోపలి మెత్తటి నూగు అరిగిపోయి, తిన్నది ఒంటికి పట్టదు. ఆ ధాన్యాలను జన్మంతా ముట్టకపోవడం తప్ప వేరే మందు లేదు. రొట్టె ముక్క అక్కర్లేదు, రవ్వంత పొడి చాలు. ఈ ఆఖరి మాటను పది నెలల కిందట డాక్టరమ్మ మామూలుగానే చెప్పింది. బైండరమ్మ ఆ రోజు దాన్ని నెత్తిన బండలా మోసుకుంటూ ఇంటికి వచ్చింది.

అసలే ఆమెది, కీడెంచి మేలెంచమంటే మొదటి సగంతోనే ఆగిపోయే స్వభావం. కూతురు తుమ్మితే న్యుమోనియా. బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే లారీ. “నీకు కుక్కరు కూత కూడా అంబులెన్సులాగే వినిపిస్తుందే,” అనేవాడు భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. భయాన్ని కూడా నట్టును చూసినట్టే చూస్తాడు. బిగించాల్సినంత బిగించి, పానా జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు.

జబ్బు పేరు తెలిసిన వారంలోనే పాత పెనం, చెక్క గరిటెలు, గీతలు పడిన గిన్నెలు ఇల్లు దాటాయి. పిల్లకు వేరే కంచం, వేరే గ్లాసు, వేరే చెంచా వచ్చాయి. వాటికి అడుగున ఎర్ర రంగు చుక్క పెట్టింది. పిల్ల ఒక్కతీ నోరు కట్టుకుంటే చూడలేక ఇంటిల్లిపాదీ బ్రెడ్డూ బిస్కెట్లూ మానేశారు. కొట్లో ప్రతి పొట్లం వెనకా ఉండే చీమల బారు లాంటి అక్షరాలను భూతద్దం పెట్టి చదివేది. “కొంటారా అమ్మా, పరీక్ష రాస్తారా?” అని కొట్టతను ఒకసారి అడిగాడు. పక్కనే ఉన్న భర్త ఆ రోజు నుంచి ఆమెకు ఇన్‌స్పెక్టరు గారని పేరు పెట్టాడు.

ఆమె పని ముందుగదిలో. ఆఫీసుల రిజిస్టర్లు, బడి పుస్తకాలు, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు ఆమె దగ్గరికి వచ్చేవి. ఫారాలు, అంటే మడత పెట్టిన కాగితాల కట్టలు, విప్పి కుట్టేది, అట్ట కోసేది, వెన్నుకు కాలికో గుడ్డ అంటించి ప్రెస్సులో బిగించేది. రోజూ పొద్దున మైదా జల్లించి, నీళ్ళలో కలిపి, వంటింట్లో రెండో పొయ్యి మీద ఉడికించి జిగురు కాచుకునేది. పాతికేళ్ళ అలవాటు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కూడా వేసేది. పిల్ల జబ్బు బయటపడ్డాక, తిండి వండే చోట విషమెందుకని మైలుతుత్తం మానేసింది. మైదా డబ్బా ముందుగదిలో కాలికో చుట్టల పక్కన, సూదుల పెట్టె వెనక, దాని చోట అది ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఇంట్లో విచారణ మొదలైంది.

“ఇవాళ ఏం తిన్నావు?”

“నువ్వు పెట్టిందే.”

“ఇంకా?”

“ఇంకేం లేదమ్మా.”

“నా మీద ఒట్టు?”

“ఒట్టు.”

“తీసి గట్టున పెట్టే ఒట్టు కాదుగా?”

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పుస్తకాల సంచి బోర్లించి దులిపేది. జేబులు తిరగేసేది. ముద్దు పెట్టుకునే నెపంతో నోరు వాసన చూసేది. తనకు మాత్రం ముద్ద దిగేది కాదు, కన్ను మూతపడేది కాదు. కుట్టిన ఫారాలే మళ్ళీ కుట్టి, ఒక రిజిస్టరుకు అట్ట తలకిందులుగా వేసింది. తొమ్మిదో రోజు, నాలుగో ప్రశ్న దగ్గర, పిల్ల లెక్కల పుస్తకం మూసింది.

“సరే, తిన్నాను.”

“ఏం తిన్నావు?”

“బిస్కెట్లు.”

“ఎక్కడ?”

“కింద.”

“ఎన్ని?”

పిల్ల కొంచెం ఆలోచించింది. “నాలుగు. వారానికి రెండుసార్లు.”

బైండరమ్మ తిట్టలేదు, కొట్టలేదు. దొంగ దొరికాక ఇంటివాళ్ళకు కలిగే నిమ్మళం లాంటిది కలిగింది. ఆ వేడి మీదే మెట్లు దిగింది. కింది వాటాలో ఉండేది పిల్ల స్నేహితురాలి కుటుంబం. ఆ పిల్ల తల్లి ఇస్త్రీ పెట్టె పట్టుకుని తలుపు తీసింది.

“మా పిల్లకి బిస్కెట్లు పెడుతున్నారట!”

“ఎవరు చెప్పారొదినా?”

“అదే ఒప్పుకుంది.”

“మీ పిల్ల మా ఇంట్లో మంచినీళ్ళు తాగాలన్నా గ్లాసు రెండుసార్లు కడుక్కుంటుంది. దానికి బిస్కెట్లు పెట్టాలంటే కాళ్ళూ చేతులూ కట్టెయ్యాలి.”

“అంటే నా కూతురు అబద్ధాలకోరంటారా?”

“నేనేమీ అనట్లేదు. నా డబ్బాలో బిస్కెట్లు కాళ్ళొచ్చి మెట్లెక్కాయేమో, వాటినే అడుగు,” అని ఆవిడ తలుపు వేసింది.

ఆ రోజు నుంచి పిల్లకు కింది వాటా గడప తొక్కకూడదని ఆంక్ష పడింది. కింది పిల్ల ముందు, ఈ పిల్ల వెనక, ఇరవై అడుగుల ఎడంతో బడికి వెళ్ళడం బైండరమ్మ కిటికీలోంచి చూసేది. జాలి వేసేది. ప్రాణం కంటే స్నేహం ఎక్కువా అని సర్దిచెప్పుకునేది. డాక్టరమ్మకు ఫోను చేసి, “కారణం దొరికిందండీ,” అని చెప్పింది. కడుపునిండా తింది. పడుకోగానే నిద్ర పట్టింది.

నెల తిరిగినా పిల్ల నోట్లో పుళ్ళు మానలేదు, మొహం తెల్లగా పాలిపోయే ఉంది. పాత బిస్కెట్ల ప్రభావం ఇంకా వదల్లేదనుకుంది తల్లి.

ఒక గురువారం పొద్దున లైబ్రరీ గుమాస్తా సంచితో వచ్చాడు. ఆయన ఆమెకు పన్నెండేళ్ళ ఖాతాదారు. ఏనాడూ ఒక్క పుస్తకం వెనక్కి తేలేదు. ఆ రోజు పదకొండు తెచ్చి బల్ల మీద వరసగా బోర్లించాడు. ఒక్కదానికీ వెన్ను లేదు.

“ఏమైందండీ ఇవి?”

“ఎలకలమ్మా. వింత చూడండి. కాగితం జోలికి పోలేదు, అట్ట ముట్టలేదు. జిగురున్న మేరకు గీత గీసినట్టు తినేశాయి. ఇన్నేళ్ళూ లేనిది ఈ ఏడాదే మొదలైంది. మైలుతుత్తం మానేశారా ఏంటి?”

“మానేశాను. వంటింట్లో విషమెందుకని.”

“అదీ సంగతి. ఆ విషం తీసేస్తే ఇక మిగిలేది మైదాయేగా. మైదా అంటే గోధుమేగా. ఇన్నాళ్ళూ మనం జిగురనుకుంటున్నాం, ఎలక మాత్రం రొట్టె అనుకుంది.” ఆయన తన మాటకు తానే నవ్వి, “ఎప్పుడు రమ్మంటారు?” అన్నాడు.

“వచ్చే గురువారం,” అంది బైండరమ్మ. ఆ మాట నోరు దానంతటదే అంది.

ఆయన వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. అప్పుడే కాచిన జిగురు రెండో పొయ్యి మీద చిక్కబడుతోంది. దాని పక్కనే మొదటి పొయ్యి మీద పిల్ల అన్నం. మైదా జల్లించే జల్లెడ కిటికీ చువ్వకు వేలాడుతోంది. సరిగ్గా దాని కింద ఎర్ర చుక్కల కంచం, గ్లాసు ఆరుతున్నాయి. కంచం మీద వేలితో రాసి చూసింది. వేలికి సన్నటి పొడి అంటింది. తూము దగ్గర తువ్వాలు అందుకుంది. ఒక మూల గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంది. జిగురు చేతులు తుడుచుకునేది దానితోనే, పిల్ల కంచం తుడిచేదీ దానితోనే. చివరికి తన చేతులు చూసుకుంది. బొటనవేలి గోరు కింద తెల్లటి గీత ఉంది. పాతికేళ్ళుగా ఆ గీత అక్కడే ఉంది కనుక దాన్ని ఆమె ఏనాడూ మురికి అనుకోలేదు, తిండి అంతకన్నా అనుకోలేదు.

సాయంత్రం పిల్ల వచ్చేసరికి వంటిల్లు కడిగి ఉంది. జల్లెడ, తువ్వాలు, జిగురు గిన్నె, మైదా డబ్బా వాకిట్లో కుప్పగా ఉన్నాయి.

“ఇవేంటమ్మా?”

“అమ్మడూ, నీకు గోధుమ పెడుతున్నది నేనే.”

చెప్పింది. ఎలకల దగ్గర మొదలుపెట్టి గోరు దాకా అంతా చెప్పింది. పిల్ల డబ్బా వైపు చూసి, “మైదా!” అంది. నవ్వు వచ్చింది. తల్లి మొహం చూసి మింగేసింది.

బైండరమ్మకు అప్పుడు ఇంకో లెక్క గుర్తుకొచ్చింది. “అయితే దీనికి తోడు ఆ బిస్కెట్లు కూడా...”

“ఏ బిస్కెట్లు?”

“నువ్వు తిన్నవే! నాలుగేసి, వారానికి రెండుసార్లు.”

“నేనేం తినలేదు.”

“తిన్నానన్నావు కదే!”

“తినలేదని తొమ్మిది రోజులు చెప్పాను. నువ్వు తిండి మానేశావు, నిద్ర మానేశావు. తిన్నానన్న రోజు రెండోసారి వడ్డించుకుని తిని, గురకపెట్టి పడుకున్నావు. నిజం చెప్తే నమ్మలేదు. అబద్ధం నమ్మావు. అందుకని దాన్నే ఉంచేశాను.”

బైండరమ్మ గడప మీద కూర్చుండిపోయింది. “కాళ్ళు కడుక్కో,” అంది.

పిల్ల కదల్లేదు. “ఇక నుంచి రోజుకి ఒక్కసారే అడుగు. నేనేం చెప్తే అదే జవాబు. రెండోసారి అడగకూడదు.”

“ఒకవేళ...”

“ఒకవేళ కూడా లేదు.”

భర్త వచ్చి సంగతి విన్నాడు. “కొండను తవ్వి ఎలకను పట్టేవాళ్ళున్నారు. మా ఇంట్లో ఎలకే వచ్చి ఇన్‌స్పెక్టరు గారిని పట్టుకుంది,” అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి కుప్పనంతా సంచిలోకి ఎత్తి బయటికి తీసుకెళ్ళాడు. మర్నాడు డబ్బాల్లో దొరికే తెల్ల జిగురు తెచ్చాడు. అది పిండితో చేసింది కాదని ఆమె తయారుచేసేవాళ్ళకు ఫోను చేసి అడిగి మరీ మూత తీసింది. తొందరగా ఆరిపోతుందని, వెన్ను బిర్రబిగుస్తుందని, పుస్తకం మొండి పిల్లలా నోరు తెరవదని చాలా రోజులు సణిగింది. తర్వాత చెయ్యి అలవాటు పడింది.

రోజుకొక్క ప్రశ్న మాత్రం అలవాటు కాలేదు. మొదటి రోజున దాన్ని “గొడుగు తీసుకున్నావా?” అని పొద్దున్నే వాడేసింది. సాయంత్రం బడి సంచి ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, అలాగే వెనక్కి వెళ్ళింది.

పిల్ల మళ్ళీ కిందికి వెళ్ళడం మొదలుపెట్టింది. తల్లి మాత్రం వెళ్ళలేదు. “ఆవిడకి క్షమాపణ చెప్పొద్దా?” అని భర్త అడిగితే, “ముందు రుజువు రానీయండి. జిగురే కారణమని ఎవరు చెప్పొచ్చారు?” అనేది. మెట్ల మీద కింది వాటా ఆవిడ ఎదురైతే, ఏదో మర్చిపోయినదానిలా వెనక్కి తిరిగేది.

మూడు నెలలకు రుజువు వచ్చింది. ముప్పై ఎనిమిది. గొట్టం అక్కర్లేదు, ఇలాగే కానివ్వండి అంది డాక్టరమ్మ. బస్సులో పిల్ల ఆ కాగితాన్ని మడిచి తల్లి చేతిలో పెట్టి, “కిందికే కదా ముందు?” అంది.

కింది వాటా ఆవిడ తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. బైండరమ్మ కాగితం చాపింది. అది వైద్యుల భాషలో ఉంది కనుక మాటల్లో కూడా చెప్పవలసి వచ్చింది. ఎలకల నుంచి గోరు దాకా, రెండోసారి.

“అంటే చంకలో మైదా డబ్బా పెట్టుకుని మా ఇల్లు సోదా చేశావన్నమాట,” అంది ఆవిడ.

“తప్పయిపోయిందొదినా.”

“తప్పు కాదు, నాలుగు నెలలు. నాలుగు నెలలు మెట్ల మీద నన్ను చూసి ఉప్పు మర్చిపోయావు, గొడుగు మర్చిపోయావు, ఒకసారి చెప్పులు మర్చిపోయావు. అవి నీ కాళ్ళకే ఉన్నాయి.” ఆవిడ పక్కకు జరిగింది. “రా. టీ తాగకుండా వెళ్తే మాత్రం ఊరుకోను.”

టీతో పాటు ప్లేటులో బిస్కెట్లు వచ్చాయి. “మీ పిల్ల తిననివి ఇవే,” అంది ఆవిడ. బైండరమ్మ పద్నాలుగు నెలలుగా గోధుమతో చేసింది నోట పెట్టలేదు. కాదనడానికి నోరు రాలేదు. ఒకటి తింది. అంత తియ్యగా ఉంటాయన్న సంగతే మర్చిపోయి ఉంది. ఇంకోటి తింది, మరోటి తింది. ఆ తర్వాతే చేతికి అంటిన పొడి కనిపించి ఉలిక్కిపడింది. ఆవిడ చూస్తుండగానే తూము దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది, నోరు పుక్కిలించింది, బట్టలు వాకిట్లోకి వెళ్ళి దులుపుకుంది.

పైకి వెళ్ళేసరికి పిల్ల లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది.

“ఏమైనా తిన్నావా?”

“బిస్కెట్లు. మూడు.”

“చేతులు కడుక్కున్నావా?”

“కడుక్కున్నాను.”

బైండరమ్మ గుమ్మంలోనే నిలబడి తర్వాతి మాట కోసం ఎదురుచూసింది. సబ్బుతోనా, గోళ్ళ కింద కూడానా, ఏదీ చూపించు... అడుగుతుందనుకున్నవన్నీ ఆమె నాలుక చివరనే తిరుగుతున్నాయి. పిల్ల మాత్రం పేజీ తిప్పి, పెన్సిలు చెక్కుకుని, తర్వాతి లెక్కలో పడింది.