మింకో సంతకం

గేటు మీది చావు కాగితం ఓ పట్టాన ఊడి రాలేదు. ఫోటోలోని మొగుడు మింకో మొహం చిరగకుండా తీయాలని త్సోనా తెల్లవారినప్పటి నుంచి వేడినీళ్ళ గుడ్డతో తడుపుతూ, గోళ్ళతో గీకుతూ తంటాలు పడుతోంది. మింకో నేలమాళిగ మెట్ల మీద కూలిపోయి ప్రాణం వదిలి పంతొమ్మిది రోజులైంది. ఫోటో, పేరు, పోయిన తేదీ వేసిన అలాంటి కాగితం ఆ ఊళ్ళో ప్రతి గేటుకీ ఏదో ఒకటి ఉంటుంది. వానకి నాని రాలిపోవాలే గానీ మనిషి చేత్తో పీకకూడదు. త్సోనా పీకింది. స్తంభాల మీదవీ, బస్టాపులోదీ మరిది దోబ్రీ పీకేసి వచ్చాడు.

అంత పాపం మూటగట్టుకున్నది ఇంటికప్పు మీదున్న పద్నాలుగు సోలార్ పలకల కోసం. వాటికి సర్కారు డబ్బిస్తుంది. దరఖాస్తు మింకో పేరు మీద ఉంది. సర్కారు సాయం రాకపోతే పలకలు, బ్యాటరీ విప్పుకుపోతామని బిగించినవాళ్ళు ముందే రాయించుకున్నారు. ఇవాళ తనిఖీ. దరఖాస్తు పెట్టినవాడు పోతే సాయం కూడా పోతుందని దోబ్రీ సారా కొట్లో విన్నాడు. ఎవరన్నారో కూడా గుర్తులేదు మహానుభావుడికి. ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా అంటారేమో. ఈ ఊళ్ళో ఎవరూ ఆఫీసుని ఏదీ అడగరు. అడిగితే ఇచ్చేది కూడా ఆపేస్తారని తాతల నాటి భయం.

లోపల మంచం మీద కూతురు రుమ్యానా ఉంది. ముప్పై ఏళ్ళ పిల్ల, కండరాల జబ్బు. మిషను ఆడితేనే ఊపిరి. పోయిన చలికాలం మంచుకి తీగలు తెగి కరెంటు పోతే, మింకో ఊపిరి అందించే గాలిసంచిని చేత్తో నొక్కుతూ నాలుగు గంటలు కూతుర్ని బతికించాడు. ఆ మర్నాడే వెళ్ళి దరఖాస్తు పెట్టి వచ్చాడు.

"నాన్నని దాచి నన్ను బతికించొద్దమ్మా," అంది రుమ్యానా, మిషను ఊపిరికీ ఊపిరికీ మధ్య.

"నువ్వు మాట్లాడకు, ఆయాసం వస్తుంది," అంది త్సోనా. మొగుడు పోయినందుకు తలకి కట్టుకున్న నల్లగుడ్డ విప్పి, పూల రుమాలు కట్టుకుంది.

అన్న పోయినందుకు నలభై రోజులు ఉంచాల్సిన గడ్డం దోబ్రీ గీసేసుకున్నాడు. అన్న గోధుమరంగు కోటు తొడుక్కుని, ఎలా ఉన్నాను వదినా అని అడిగాడు.

"అచ్చం ఆయనలాగే ఉన్నావు. కాసేపు నాకు కనపడకు."

పదకొండింటికి తనిఖీ అమ్మాయి వచ్చింది. బురద బూట్లు, చేతిలో టాబ్లెట్. ఆ రోజుకి అది నాలుగో ఇల్లట. కప్పు చూసింది, మీటరు చూసింది, బ్యాటరీ చూసింది. మింకో గారు మీరేనా అని అడిగితే దోబ్రీ తలూపాడు. పలకలు కనపడేలా నిలబెట్టి ఫోటో తీసింది. అతను తెర మీద వేలితో అన్న సంతకం గీశాడు. అన్నీ అక్కడికక్కడే రాజధానికి వెళ్ళిపోయాయని చెప్పి, నవ్వుతూ సెలవు తీసుకుంది.

కారు కదిలిందో లేదో త్సోనా పిండి ఉడికించి జిగురు చేసింది. మళ్ళీ నల్లగుడ్డ కట్టుకుంది. కోప్పడకు మింకో, పిల్ల కోసమే కదా అని మొగుడితో చెప్పుకుంటూ కాగితం అతికిస్తోంది. దోబ్రీ ఇంకా కోటు విప్పలేదు, కాగితం కింది అంచు పట్టుకుని నిలబడ్డాడు. వెనక కారు తలుపు చప్పుడైంది.

ఆ అమ్మాయే. చేతిలో పసుపు కవరు. గేటు మీది మొహాన్ని చూసింది, తేదీ చదివింది, దోబ్రీని చూసింది.

"ఇది మీ పేరు మీదే ఉందమ్మా. ఫైలు అడుగున పడి ఉంటే ఇప్పుడే చూశాను." కవరు త్సోనాకి అందించింది. "ఆయన పోయారని ఆఫీసుకి తెలుసు. భర్త పోతే దరఖాస్తు భార్య పేరుకి మారుతుంది. ఇందులో మీరు ఒక్క సంతకం పెడితే సరిపోయేది."

"ఇప్పుడు పెడతాను తల్లీ. కలం ఇవ్వు."

"పోయినాయన ఇవాళ నా ముందు నిలబడి సంతకం పెట్టినట్టు రాజధానికి వెళ్ళిపోయిందమ్మా. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను. దరఖాస్తు కొట్టేస్తారు." క్షమించమని కూడా అంది పాపం, తప్పు తనదైనట్టు.

కారు వెళ్ళిపోయింది. దోబ్రీ గేటు పట్టుకుని ఏడుస్తున్నాడు. త్సోనాకి అతన్ని తిట్టాలని ఉంది, కొట్టాలని ఉంది. కాగితం చివరి మూల అరచేత్తో అద్ది, తడి చెయ్యి పావడాకి తుడుచుకుంది.

"ఆ కోటు విప్పి లోపలికి రా," అంది. "బీరువాలో గాలిసంచి ఉంది. మంచు పడేలోగా దాన్ని నొక్కడం నేర్చుకో."