మూడో కుప్ప

"నోరు తెరువు!"

హులిగెమ్మ తెరిచింది. మేస్త్రీ సుంకప్ప వంగి చూశాడు. నాలుక ఎత్తమన్నాడు, ఉమ్మమన్నాడు. ఉమ్మి పాలలా తెల్లగా ఉంటే గింజలు నమిలినట్టు. ఆ రోజు కూలి పోయినట్టే. హులిగెమ్మ ఉమ్మి మట్టిరంగులో పడింది. పొద్దున్నుంచీ ఆ నోట్లోకి దుమ్ము తప్ప ఏం పోయింది గనక! డోన్‌లో కేశవయ్య శెట్టి వేరుశనగ మిల్లులో ఆడవాళ్ళు నీళ్ళకు లేచినా ఈ పరీక్ష తప్పదు. సంతలో ఎద్దుకు పళ్ళు చూసినట్టు చూస్తారు. చూసేవాడికి సిగ్గు లేదు, చూడమన్నవాడికి అసలే లేదు.

ఆ వారం ఇంకో పరీక్ష కూడా వచ్చిపడింది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో శెట్టికి కూడా పెద్దవాడు కావాలని బుద్ధి పుట్టింది. ఇన్నాళ్ళూ ఆయన సరుకు మద్రాసు వ్యాపారులు కొని ఓడలెక్కించేవాళ్ళు. ఇప్పుడొక ఎగుమతి కంపెనీ నేరుగా కొంటానంది, మిల్లు చూడ్డానికి దొరను పంపుతానంది. దొర ఏ కుప్ప చూపించినా గింజలు ఏరే ఆడవాళ్ళు ఇంగ్లీషులో దాని పేరు చెప్పాలని శెట్టి పట్టుబట్టాడు. అలా చెబితే తన సరుకు మీద నమ్మకం కుదురుతుందని ఆయన లెక్క.

రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయిన ఏసురాజును అందుకే పిలిపించాడు. ఏసురాజు వసారాలో నిలబడి కర్రతో కుప్పలు చూపిస్తున్నాడు. నిండు గింజల కుప్ప సెలెక్టెడ్. బద్దల కుప్ప స్ప్లిట్. నల్లబడి, ముడుచుకుపోయి, బూజు పట్టిన మూడో కుప్ప రిజెక్టెడ్. అవి కాక శాంపిల్, గ్రేడ్, షిప్‌మెంట్. చేతులు చేటల్లో ఆడుతుండగానే ఆడవాళ్ళు ఆ మాటలు బడిపిల్లల్లా వల్లిస్తున్నారు.

"ఏమ్మే హులిగెమ్మా, నోరు మెదపవే? నాలిక తిరక్కపోతే రేపట్నుంచి పనికి రావద్దు. ఆలూరు దిక్కు నుంచి నీలాంటోళ్ళు రైలు రైలుకూ దిగుతాండారు" అన్నాడు సుంకప్ప.

ఆ మాట నిజమే. కరువుకు ఊరొదిలి వచ్చిన వాళ్ళలో హులిగెమ్మ ఒకతె. మొగుడు పోయాడు. మిగిలింది ఆరేళ్ళ కూతురు గిడ్డమ్మ, ఈ పని. పని పోతే బిడ్డ కూడా దక్కదు.

"చెప్తాండా లేన్నా" అని, ఏసురాజు వైపు తిరిగింది. "అయివారూ, పేర్లు సరే. ఆ మూడోదానికి అర్థమేంది?"

"వద్దని తోసేసిన సరుకమ్మా. ఆ దేశాల్లో మనుషులు తినరు. ఓడే ఎక్కనీరు."

"మరి దాన్నేం చేస్తారంట?"

ఏసురాజు కర్రతో బద్దల కుప్ప అంచు సర్దాడు. ఏం చేస్తారో ఆయనకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఆ మిల్లులో ఆడకూలి పన్నెండణాలు. ఆరణాలు చేతిలో పెడతారు, తక్కిన ఆరణాలకు మూడో కుప్పలోంచి ఒక పడి కొలిచి గింజలు ఒళ్ళో పోస్తారు. శెట్టి తండ్రి నాటి నుంచీ అదే ఆనవాయితీ. అప్పట్లో బద్దలూ కలిసేవట. ఇప్పుడు బద్దలన్నీ నూనెకు పోతున్నాయి, కూలివాళ్ళకు బూజు మిగిలింది.

"మాట్లాడవేం అయివారూ?"

"నన్నడగొద్దు తల్లీ. నేను మాటలు నేర్పేదానికొచ్చినా, అంతే" అని కర్ర పట్టుకుని అవతలి వరస దగ్గరికి నడిచాడు.

గుడిసెలో గిడ్డమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం ఉబ్బింది. కళ్ళు పచ్చబడ్డాయి. కిందటి వారం ఆసుపత్రికి తీసుకుపోతే కాంపౌండరు ఏం పెడుతున్నావని అడిగి, ఆమె కొంగున ఉన్న గింజల్ని వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇవి పెట్టొద్దు. మంచి తిండి పెట్టు" అన్నాడు. మంచి తిండి! ఆరణాల్లో గుడిసె బాడుగ పోగా మిగిలిన దుడ్లు జొన్నలకే చాలవు. గింజలు అమ్ముదామంటే కొట్లవాళ్ళెవరూ ముట్టుకోరు.

హులిగెమ్మ సంగటి కెలుకుతూ మాటలు వల్లె వేసుకుంటుంటే గిడ్డమ్మ కూడా అంది. తల్లికి తిరగని మాట బిడ్డకు చప్పున తిరిగింది. చాన్నాళ్ళకు దాని మొహంలో నవ్వు కనబడింది. తల్లి గింజల పొడి గిన్నె ముందు పెట్టగానే వేలు చూపించింది.

"అమ్మా, ఇది ఏ కుప్పది?"

"మూడోది."

"రిజెక్టెడ్డా?"

"ఊఁ."

"అయితే తినగూడదు గదా?"

హులిగెమ్మకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, బిడ్డ మీద కాదు. "ఈ పూటకు తిను నా తల్లీ" అని సంగటి ముద్ద పొడిలో అద్ది నోట్లో పెట్టింది. చేదుకు గిడ్డమ్మ మొహం ముడుచుకుంది. అయినా తల్లి బాధ పడుతుందని మింగింది. తెల్లారేలోపల అంతా కక్కుకుంది.

దొర వచ్చిన రోజు మిల్లు ముంగిట నీళ్ళు చల్లి ముగ్గులేశారు. దొర కుప్ప చూపించడం, ఆడవాళ్ళు పేరు చెప్పడం. ఒక్కరూ తప్పలేదు. దొర తలాడించిన కొద్దీ శెట్టి ఉప్పొంగిపోయాడు. ఆ సంబరంలో దొరను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆయన ముందే కూలి పంచమన్నాడు.

"దొరకు చెప్పప్పా ఏసురాజూ, మేం దుడ్లే కాదు, కూలోళ్ళకు గింజలు గూడా ఇస్తాండామని. శానా ధర్మమైన మిల్లని చెప్పు."

ఏసురాజు చెప్పాడు. దొర మెచ్చుకున్నాడు.

వరసలో ముందు హులిగెమ్మ. సుంకప్ప ఆరణాలు చేతిలో పెట్టి, పడి నిండా గింజలు ముంచాడు. "ఒడి పట్టు."

ఆమె పట్టలేదు. పడి వైపు వేలు చూపించి, అందరికీ వినబడేట్టు అంది.

"రిజెక్టెడ్."

దొర చప్పట్లు కొట్టాడు. "వెరీ గుడ్!" శెట్టి కూడా పకపకా నవ్వాడు. పాఠం ఇంకా అయిపోలేదనుకున్నాడు కాబోలు, సుంకప్ప కూడా నవ్వి, పడి ఒలికించబోయాడు. హులిగెమ్మ దాన్ని రెండు చేతులతో వెనక్కి తోసింది. గింజలు ముగ్గు మీద పడ్డాయి.

"నాకొద్దు. మీ ఓడ ఎక్కనిది నా బిడ్డ కడుపులోకి ఎట్ల పోతాది సావుకారీ? తక్కిన ఆరణాలు దుడ్లియ్యండి."

శెట్టి నవ్వు ఆగిపోయింది. "పిచ్చి ముండ! లాగెయ్యండిరా దాన్ని!" అని పళ్ళు నూరాడు, దొరకు వినబడకుండా.

దొర కాఫీ కింద పెట్టి, ఆమె ఏమంటోందని ఏసురాజును అడిగాడు. శెట్టి ఏసురాజు వైపు కళ్ళెర్రజేశాడు. ఏసురాజు పెదవులు తడుపుకుని ఒకసారి హులిగెమ్మను చూశాడు, ఒకసారి మూడో కుప్పను చూశాడు.

హులిగెమ్మ ఖాళీ చెయ్యి అలాగే చాపి నిలబడింది. వరసలో ఆమె వెనక నిలబడ్డ నాగక్క, అప్పటికే గింజల కోసం పట్టుకున్న ఒడిని, మెల్లగా వదిలేసింది.