రెండుసార్లు దించిన గేర్‌బాక్సు

మా కోడలు మా ఇంటి పక్క షెడ్డులో, నేల మీద పడుకుని, పాత ట్రక్కు గేర్‌బాక్సు దించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఈ సంగతి వీధిలో అందరికీ చెప్పాను, కొందరికి రెండేసిసార్లు చెప్పాను. నేను కనబడగానే పక్క సందులోకి మళ్లేవాళ్లు కూడా తయారయ్యారు. మళ్లనివ్వండి, నాకేం నష్టం లేదు. రెండోసారి ఎందుకు దించాల్సి వచ్చిందని అడిగితే అదీ చెబుతాను. కాకపోతే దానికి కాస్త ఓపిక పట్టాలి.

నేను నలభై ఏళ్లు మెకానిక్కుగా చేశాను. చేతిలో పానా లేకుండా నన్నెవరూ చూడలేదు కాబట్టి నా పేరే పానా అయిపోయింది. జుట్టు నెరిశాక దానికి ‘గారు’ తగిలించారు, అంతే తేడా. రెండు నెలల కింద కుడి భుజానికి ఆపరేషన్ జరిగింది. ఆరు నెలల దాకా నీళ్ల బకెట్టు కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. సరిగ్గా ఆ అదను చూసుకుని మా ట్రక్కు క్లచ్ పోయింది.

ఇరవై ఆరేళ్ల బండి అది. నాలుగు చక్రాలూ లాగుతాయి, బురదైనా మిట్టైనా దానికి ఒకటే. శుక్రవారం సాయంత్రం వీధి చివరి ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ ఒకటే గోల, బండి మాత్రం అంగుళం కదలదు. పైగా కాలిన వాసన. క్లచ్ ప్లేటు అరిగిపోయి పట్టు వదిలేసిందని చూడకుండానే చెప్పాను. చూడకుండా చెప్పడం నాకున్న పెద్ద జబ్బు.

మా కోడలు టైలరు. ముందుగదిలో రెండు మిషన్లు పెట్టుకుని ఇన్నాళ్లూ వీధివాళ్ల బట్టలు కుట్టేది. ఈసారి కొండ మీది మొక్కల నర్సరీ ఆవిడ ఒక పెద్ద పని ఇచ్చింది. లేత మొక్కలకి నీడ కోసం మైదానమంత వల, అంచులకి గట్టి పట్టీలు, కట్టుకోవడానికి తాళ్లు. మూడు వారాలు కుట్టింది. సోమవారం పొద్దున పదింటికి మొక్కల్ని గదుల్లోంచి బయటికి తీస్తారు, ఆ పాటికి పైన వల ఉండాలి. లేకపోతే ఒక్క ఎండకే మాడిపోతాయి. ఆలస్యమైతే బజార్లో దొరికే వలలు తెప్పించుకుంటాననీ, మళ్లీ పని ఇవ్వలేననీ నర్సరీ ఆవిడ ముందే చెప్పేసింది. కొండకి మట్టిదారి. మామూలు బండి అయితే సగం దూరంలోనే చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోతుంది.

"మామయ్యా, సోమవారానికి అవుతుందా?" అని అడిగింది మా కోడలు.

"నేనుండగా నీకెందుకమ్మా దిగులు?" అనేశాను. అన్నాక భుజం గుర్తొచ్చింది. మా వాడు రైల్లో గార్డు, మంగళవారం గానీ ఇంటికి రాడు. నా దగ్గర పని నేర్చుకుని సొంత షాపు పెట్టుకున్నవాడికి ఫోన్ చేస్తే బుధవారం దాకా ఊపిరి ఆడదన్నాడు. కొత్త ప్లేటు సెట్టూ, చక్రాల జాకీ మాత్రం పంపించాడు. వాటి ముందు నిలబడి నేను మీసం సవరించుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చింది.

"మీరు చెప్పండి. నేను చేస్తాను."

నాకు నవ్వొచ్చింది. "అమ్మాయ్, ఇది ఊడిన బొత్తాం కాదు. గేర్‌బాక్సూ, నాలుగు చక్రాలకీ బలం పంచే పెట్టే, రెండూ అతుక్కుని ఉంటాయి. కలిపి తూస్తే నీకంటే బరువు."

"ఎత్తేది జాకీ కదా మామయ్యా. నేనెందుకు ఎత్తుతాను?"

మీసం వదిలేసి, పానాల పెట్టెని కాలితో ఆమె వైపు జరిపాను.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. బండిని నాలుగు స్టాండుల మీద నిలబెట్టాం. నిలబెట్టాం అంటున్నానుగానీ నేను స్టూలు మీద కూర్చుని నోరు వాడాను, అంతే. మా వాడి పాత ప్యాంటూ చొక్కా వేసుకుని, జుట్టుకి గుడ్డ కట్టుకుని ఆమె కిందికి దూరింది. మొదటి బోల్టు విప్పగానే బయటికొచ్చి మిషన్ గదిలోకి వెళ్లింది. భయపడిందేమో, ఇంతటితో సరి అనుకున్నాను. ఒక పెద్ద అట్టముక్కా, సుద్దా పట్టుకొచ్చింది. అట్ట మీద బండి అడుగుభాగం బొమ్మ గీసింది. ఏ బోల్టు ఎక్కడ ఊడితే బొమ్మలో సరిగ్గా అక్కడే కన్నం చేసి గుచ్చింది. ఊడే ప్రతి ముక్కకీ తనకి ఎదురుగా ఉన్న వైపు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టింది. నేను నలభై ఏళ్లూ బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోసి, చివర్లో రెండు మిగిలితే అవి అనవసరం అని చెప్పినవాణ్ని. ఆ అట్టని చూసి నా డబ్బాని మెల్లగా స్టూలు కిందికి తోశాను.

ముందు షాఫ్టు, వెనక షాఫ్టు, స్టార్టరు, గేరు రాడ్డు వరసగా ఊడాయి. పెడల్ బలాన్ని క్లచ్‌కి అందించే ఆయిల్ సిలిండరుంది, దాని గొట్టం మాత్రం విప్పొద్దని చెప్పాను. విప్పితే గాలి చేరుతుంది, ఆ గాలి తీయడం పెద్ద తలనొప్పి. ఆమె సిలిండరుని గొట్టంతో సహా పక్కకి జరిపి తాడుతో కట్టింది. ఇక గేర్‌బాక్సు దగ్గరికొచ్చేసరికి ఇంచిటేపు తీసి దాని చుట్టుకొలత చూసింది.

"గేర్‌బాక్సుకి కూడా కొలతలు తీసుకుంటున్నావా? లూజుగా కుట్టు, ఒళ్లు చేస్తుందేమో," అన్నాను.

ఆమె నవ్వలేదు. గంటసేపు మిషన్ చప్పుడు వినబడింది. వలకి వాడిన పట్టీలతోనే ఒక ఉయ్యాల కుట్టుకొచ్చింది, నాలుగు వైపులా జాకీ పళ్లేనికి కట్టేసేలా. నా రోజుల్లో ఆ పెట్టె దించడానికి ముగ్గురు మనుషులు కావాలి, ముగ్గురిలో ఒకడికి వేలు నలిగి తీరాలి. ఈ అమ్మాయి ఒక్కతే నెమ్మదిగా వెనక్కి లాగి, జాకీ పిడి తిప్పుతూ పసిపిల్లని పడుకోబెట్టినట్టు కిందికి దించింది. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. లేచి ఏం చేయాలో తెలీక మళ్లీ కూర్చున్నాను. నా గుండె మాత్రం ఆ రోజంతా కూర్చోలేదు.

ఆదివారం పొద్దున పాత ప్లేటు ఊడదీసింది. అద్దంలా అరిగిపోయింది అది. కొత్త ప్లేటు పెట్టే సమయానికి గేటు దగ్గరికి ఎదురింటి మాస్టారు వచ్చారు. రిటైరైనా ఇంకా అందరినీ ప్రశ్నలడుగుతూనే ఉంటారు. "ఏం పానాగారూ, కోడలి చేత కూడా పానా పట్టించారా?" అన్నారు. ఇంకేం, నా నోటికి బ్రేకులు ఊడాయి. అట్ట గురించి, ఉయ్యాల గురించి చెప్పి, అక్కడితో ఆగకుండా, ఆ ఉయ్యాల ఆలోచన కొంత నాది కూడా అని ఒక కోత కోశాను.

అప్పుడే బండి కిందినుంచి పిలుపు వినిపించింది. "మామయ్యా, ప్లేటు పెట్టాను. బిగించేముందు ఒకసారి చూడండి."

నేను గేటు దగ్గర్నుంచి తలైనా తిప్పకుండా, "చూశాను, చూశాను. కానియ్!" అన్నాను.

ఆమె బిగించింది. కొంచెం కొంచెంగా, ఎదురెదురు బోల్టులు, నేను నేర్పినట్టే. మధ్యాహ్నానికి గేర్‌బాక్సు మళ్లీ తన చోటికి ఎక్కింది. బండిని స్టాండుల మీదే ఉంచి పరీక్ష పెట్టాను. మొదటి గేరు వేసి, క్లచ్ పెడల్ నేను తొక్కి పట్టుకున్నాను. కిందినుంచి వెనక షాఫ్టుని ఆమె చేత్తో తిప్పాలి. క్లచ్ విడిపోతే అది సులువుగా తిరుగుతుంది.

"తిరగట్లేదు మామయ్యా."

"గట్టిగా తిప్పు."

"తిప్పుతున్నాను. కదలట్లేదు."

"గొట్టంలో గాలి చేరింది," అన్నాను, పెద్ద మెకానిక్కు గొంతుతో.

"ఆ గొట్టం మనం విప్పనే లేదుగా?"

ఒళ్లు మండిపోయింది నాకు. ఎందుకంటే ఆ మాట నిజం. "నలభై ఏళ్ల అనుభవానికి నువ్వు పాఠాలు చెప్తావా? గాలే. తియ్యి," అని కసిరాను. పాపం, కిక్కురుమనకుండా తీసింది. గంట పట్టింది. ఒక్క బుడగ రాలేదు. షాఫ్టు కూడా కదల్లేదు. గోడ గడియారంలో రెండైంది. ముందుగదిలో మూడు వారాల కష్టం మడతలు పెట్టి, తాళ్లు కట్టి, సిద్ధంగా ఉంది.

ఆమె బయటికొచ్చి చేతులు తుడుచుకుని, మూల పడేసిన పాత ప్లేటు దగ్గర గొంతుకూర్చుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. స్ప్రింగులు మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న వైపే సుద్ద ఇంటూ గుర్తు ఉంది. అలాగే చాలాసేపు చూసి, నుదురు కొట్టుకుంది. నుదుటి మీద నల్లగా నాలుగు వేళ్లూ పడ్డాయి.

"తిరగేసి పెట్టాను మామయ్యా. ఈ స్ప్రింగుల వైపు నాకు ఎదురుగా ఉండాల్సింది. ఇంజిన్ వైపు పెట్టేశాను."

"ఎలా పెట్టావ్? గుర్తు నువ్వే పెట్టుకున్నావుగా?"

"చేతి అలవాటు. బట్ట కుట్టేటప్పుడు మంచివైపు ఎప్పుడూ లోపలికే పెడతాం, కుట్టాక తిరగేస్తాం. స్ప్రింగులు తళతళలాడుతుంటే అదే మంచివైపని చెయ్యి దానంతటదే లోపలికి పెట్టేసింది." పాత ప్లేటు నా వైపు తిప్పి చూపించింది. "మీరు కూడా చూశారుగా, మీకూ కనబడలేదా?"

అప్పుడు చెప్పాల్సింది నేను. చూడలేదమ్మా, మాస్టారి ముందు కోతలు కోస్తూ అబద్ధం చెప్పాను అనాల్సింది. "చీకట్లో సరిగ్గా తెలియలేదు," అని గొణిగాను. పట్టపగలు, పైగా కింద లైటు వెలుగుతోంది.

"పోన్లెండి, తప్పు నాదే," అని లేచింది. ఏడుస్తుందనుకున్నాను. నీళ్లు తాగింది, గుడ్డ బిగించి కట్టుకుంది. "తప్పు కుట్టు పడితే విప్పాల్సిందే కదా," అని మళ్లీ బండి కిందికి దూరింది.

ఆ తర్వాత చూసింది నేను జన్మలో మరిచిపోను. నిన్న నా మాట విని కదిలిన చేతులు ఇవాళ నాకంటే ముందే కదులుతున్నాయి. షాఫ్టు బోల్టు అనేలోపు అది అట్ట మీద గుచ్చుకునేది. నిన్న రోజంతా తీసుకున్న పని రెండు గంటల్లో తేలిపోయింది. ప్లేటు తిప్పి పెట్టాక మళ్లీ పిలిచింది, "మామయ్యా, చూడండి," అని. ఈసారి భుజం మీద ఒట్టేసుకుని నేల మీద పాకుతూ బండి కిందికి దూరాను. వీపు కింద గులకరాళ్లు గుచ్చుకుంటుంటే, లైటు పట్టుకుని, ఆ ప్లేటుని కళ్లారా చూశాను. స్ప్రింగులు మా వైపే ఉన్నాయి. నలభై ఏళ్లలో నేనెన్నో బిగించాను, అంత శుభ్రంగా ఏదీ బిగించలేదు.

పొద్దు వాలేసరికి పరీక్ష పెట్టాం. నేను పెడల్ తొక్కాను. కిందినుంచి నవ్వు వినబడింది, ఆ రెండు రోజుల్లో మొదటిసారి. షాఫ్టు ఒక్క చేత్తోనే తిరుగుతోంది. వీధిలోకెళ్లి అరవాలనిపించింది నాకు. నిజం చెప్పాలంటే, అరిచాను కూడా.

సోమవారం ఏడింటికి వల మడతలన్నీ ఎక్కించుకుని బయల్దేరాం. తనే నడిపింది, నేను పక్కన. కొండ దారిలో అన్నిటికంటే నిటారుగా ఉన్న మలుపులో పైనుంచి ట్రాక్టరొకటి దిగుతూ ఎదురైంది. ఆగక తప్పలేదు. అంత ఎత్తులో ఆగిన బండిని మళ్లీ కదిలించడమే క్లచ్‌కి అసలు పరీక్ష. నేను సలహా చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ట్రాక్టరు తప్పుకుంది. ఆమె పెడల్ మెల్లగా వదిలింది. బండి వెనక్కి బెత్తెడు కూడా జారకుండా, మట్టి చిమ్ముకుంటూ ఎక్కేసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పాను.

నర్సరీ ఆవిడ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. టైము చూసుకుంది, ఎనిమిదిన్నర. వల అంచులు వేళ్లతో లాగి చూసి తల ఊపింది. "బండి పాడైందని విని కంగారుపడ్డాను. దారిలో దాని చప్పుడు వినగానే అనుకున్నాను, పానాగారి చెయ్యి పడిందని. మామగారు ఉంటే నీకేంటమ్మా బెంగ? ఆయన చేతి పనంటే చూసుకోనక్కర్లేదు," అంది.

ఇలాంటి మాటలకి నేను ఎప్పుడూ గొంతు సవరించుకుని ఊరుకునేవాణ్ని. ఆ రోజు నావల్ల కాలేదు.

"నా చెయ్యి తగల్లేదమ్మా. కొత్త క్లచ్ మొత్తం మా కోడలే వేసింది."

"మామయ్య పక్కనుండి చెప్పబట్టే అయింది," అంది మా కోడలు వెంటనే, నా పరువు కాపాడుతూ.

"చెప్పాను. ప్లేటు చూడమని పిలిస్తే, చూడకుండానే చూశానని కూడా చెప్పాను. దానివల్ల గేర్‌బాక్సు రెండుసార్లు దించాల్సొచ్చింది. తప్పు నీది కాదమ్మా, నాది. నిన్న మధ్యాహ్నమే చెప్పాల్సింది, నోరు రాలేదు."

నర్సరీ ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మా కోడలు వల మడత విప్పుతూ, తలెత్తకుండానే అంది.

"నాకు తెలుసు మామయ్యా. గేటు దగ్గర నిలబడితే బండి కింద ఏం కనబడుతుంది?"

నిన్నంతా తెలిసే ఉంది! తెలిసీ తప్పు తన మీదే వేసుకుని, మళ్లీ నేల మీద పడుకుని, మళ్లీ అన్ని బోల్టులూ విప్పి, మళ్లీ నన్ను చూడమని పిలిచింది. నాకు ఇంకో అవకాశం ఇచ్చింది. నేను ఎంతమందికో పని నేర్పాను, అందులో ఒక్కడికైనా ఈ బుద్ధి నేర్పలేకపోయాను. నాకే రాని విద్య కదా మరి.

"అలా నిలబడిపోయారేంటి?" అంది వల కొస ఒకటి నా ముందుకి చాపుతూ. "ఎడం చెయ్యి బాగానే ఉందిగా. ఇది పట్టుకోండి, పదింటిలోపు కట్టేయాలి."

పట్టుకున్నాను.