గద్ద కుడిచెయ్యి

రాత్రి డ్యూటీ దిగిన జెండా కాళ్లీడ్చుకుంటూ పిన్ని బండి దగ్గరికి చేరేసరికి అక్కడ ఇసకేస్తే రాలనంత జనం.

ఇనుప యార్డు గేటుకి ఎదురుగా ఉండే ఆ బండి మీద దొరికేవి ఆమ్లెట్, కాల్చిన రొట్టె, టీ. అంతే. అయినా యార్డు మొత్తానికీ పొద్దు అక్కడే పొడిచేది. దిగిన షిఫ్టువాళ్లూ ఎక్కబోయే షిఫ్టువాళ్లూ ఒకరి భుజాల మీంచి ఒకరు చేతులు చాచి పళ్లేలు అందుకునేవాళ్లు. పిన్ని మొగుడు తలెత్తకుండా గుడ్లు కొట్టేవాడు. యార్డంతా పిన్ని అని పిలిచే ఆవిడ మాత్రం నోటికీ చేతికీ తీరిక ఇచ్చేది కాదు.

జెండా అసలు పేరుతో యార్డులో ఎవరికీ పనిలేదు. క్రేన్ కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేతులతో సైగలిచ్చే పని అతనిది. ఎత్తు, దించు, ఆగు. నిటారుగా నిలబడీ నిలబడీ జెండా అయిపోయాడు. పైన క్యాబిన్‌లో కూర్చుని దూలాలు ఎత్తే అతని బావ, అంటే అక్క మొగుడు, గద్ద.

పోయిన వానాకాలంలో ఇనుప తాడు బిగుసుకుని గద్ద కుడిచెయ్యి నలిగింది. ఆపరేషన్ అయ్యాక స్టోర్ రూములో కూర్చోబెట్టి బోల్టులు అందించే పని ఇచ్చారు. ఆకాశంలో తిరిగిన మనిషికి అది కోళ్లగూడులా తోచింది. ఇవాళ మళ్లీ క్యాబిన్ ఎక్కుతున్నాడు. డాక్టరు పిడికిలి బిగించమంటే బిగించాడు, బరువు ఎత్తమంటే ఎత్తాడు. ఇక పనిలోకి పొమ్మన్నాడు డాక్టరు.

కింద సైగలకి తన బామ్మర్దే ఉండాలని గద్ద పట్టుబట్టాడు. అందుకే జెండా డబుల్ డ్యూటీకి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడేగానీ ఒళ్లు పచ్చి పుండులా ఉంది. కళ్లు మూస్తే ఇసక, తెరిస్తే మంట.

"ఏరా బామ్మర్దీ, నిలబడే కునుకు తీస్తున్నావా?" గద్ద వెనకనుంచి వచ్చి వీపు మీద చరిచాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. పెళ్లిచూపులకి వెళ్తున్నవాడిలా ఉన్నాడు.

"నీకేం బావా, రాత్రంతా పడుకుని వచ్చావు."

"ఎక్కడ పడుకున్నానురా. మీ అక్క పడుకోనిస్తేగా! జాగ్రత్త, జాగ్రత్త అని తెల్లార్లూ జపం."

పిన్ని దూరం నుంచే చూసింది. "రండి గద్దగారూ! గూటికెక్కుతున్నారంటగా. ఇంక మాలాంటివాళ్లు కంటికి ఆనరు."

"నువ్వెందుకు ఆనవు పిన్నీ? పైనుంచి చూస్తే యార్డులో కనిపించేది నీ బండీ, నీ నోరూ."

"నోరు కనిపించడం దేనికి అన్నా, క్యాబిన్ దాకా వినిపిస్తుందిగా," అన్నాడు పొట్టి, నోట్లో రొట్టెతోనే. దూలాలకి కొక్కెం తగిలించేది అతనే. అందరూ గొల్లుమన్నారు.

"నీకు రెండో ఆమ్లెట్ లేదు, పో!" అంటూ పిన్ని టీ పోయడానికి గ్లాసులు తీసింది.

ఆమె స్టీలు గ్లాసుల్ని మరిగే నీళ్లలోంచి తీసి, తీసినట్టే టీ పోసేది. శుభ్రమంటే అదీ అని ఆమె గొప్ప. అందుకే ఆ బండి దగ్గర గ్లాసుని ఎవరూ గుప్పిట నిండా పట్టుకోరు. పాతవాళ్లు అంచుని రెండు వేళ్లతో పట్టుకుంటారు, లేదంటే జేబురుమాలు చుడతారు. కొత్తవాళ్లు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ గంతులేస్తారు. వాళ్లని చూసి నవ్వుకోవడం పాతవాళ్లకి రోజూ ఉన్న సరదా.

గద్ద పొట్టివైపు తిరిగి ఏదో చెబుతూ, చూడకుండానే కుడిచెయ్యి చాచాడు. పిన్ని అందించిన గ్లాసుని అరచేత్తో పూర్తిగా చుట్టి పట్టుకున్నాడు. చెబుతూనే ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.

జెండా నిద్ర ఎగిరిపోయింది.

"అయ్యో, చెయ్యి కాలుతుందయ్యా!" పిన్ని అరిచింది.

గద్ద తల వంచి చేతిని చూసుకున్నాడు. చూసుకున్న తర్వాత "అబ్బా!" అన్నాడు. గ్లాసుని బండి మీద పెట్టి చెయ్యి విదిలించాడు.

"మొండిఘటం!" అని పొట్టి మెచ్చుకున్నాడు. తక్కినవాళ్లు మళ్లీ పళ్లేల్లో తలలు పెట్టారు. జెండా మాత్రం బావ చేతి మీంచి చూపు తిప్పలేదు. మంట పుడితే ముందు అరుస్తారు, ఆ తర్వాత చూసుకుంటారు. బావ ముందు చూసుకున్నాడు.

జెండా అతని మోచెయ్యి పట్టుకుని గోడవారకి లాక్కెళ్లాడు. అరచెయ్యి తిప్పి చూస్తే నిప్పులా ఎర్రబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

"ఏమిటి ఎన్నాళ్ల నుంచి?"

"నా దగ్గరా నాటకాలు?"

గద్ద అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆపరేషన్ అయినప్పట్నుంచీ. పట్టు మాత్రం ఉక్కులా ఉందిరా. లివరు లాగడానికి వేడీ చల్లనా తెలియాలా ఏమిటి?"

"లివరు ఎంత కదిలిందో తెలియాలిగా. నువ్వే కదా చెప్పేవాడివి, వెంట్రుకంత తేడా చేతికి తెలిసిపోతుందని."

"చూసుకుంటూ లాగుతాను."

"నువ్వు నీ చెయ్యి చూసుకుంటూ కూర్చుంటే, కిందున్న నన్నెవరు చూస్తారు?"

గద్ద ఎర్రబడిన చేతిని వెనక్కి లాక్కున్నాడు. "అందుకేరా నిన్ను అడిగింది," అన్నాడు. "వేరేవాడైతే నాకూ భయమే. నువ్వు సైగ చేసేలోపే నీ మనసులో మాట నాకు తెలిసిపోతుంది. మీ అక్క కూడా అదే అంది. వాడు కిందుంటే పరవాలేదులే అని."

"అక్కకి తెలుసా?"

"కూర గిన్నె వట్టి చేత్తో దింపాను. చూసింది."

జెండా గోడకి జారబడ్డాడు. పైన స్పర్శ తెలియని చెయ్యి. కింద రెప్పలు నిలవని కళ్లు. ఈ రెండూ కలిసి, మనుషుల తలల మీదుగా దూలాలు దాటిస్తాయట. దానికి అక్క దీవెన కూడానూ.

"ఆ స్టోర్ రూములో నా వల్ల కాదురా," అన్నాడు గద్ద. "నిన్నగాక మొన్న చేరినవాడు కూడా 'అన్నా, ఆ బోల్టియ్యి' అంటున్నాడు. నేను చచ్చానని అనుకుంటున్నారందరూ. ఈ ఒక్కసారి నోరు మూసుకో. నీ కాళ్లు పట్టుకుంటాను."

"బావా, అలాంటి మాటలొద్దు."

అంతలో షిఫ్టు మేస్త్రీ గొంతు వినిపించింది. "ఇంకా మేస్తూనే ఉన్నారా? పదండి, పదండి! జెండా, ఏమిట్రా ఆ మొహం? పీనుగులా ఉన్నావు."

జెండాకి తప్పించుకునే దారి అక్కడ కనిపించింది. వెనకా ముందూ చూడకుండా దూరిపోయాడు. "నావల్ల కాదు మేస్త్రీ. నిద్ర ఆగడం లేదు. ఇంటికి పోతాను."

మేస్త్రీ విసుక్కున్నాడు. "ఇప్పుడా చెప్పేది?"

"పోనీలే మేస్త్రీ, సైగలు నేనిస్తాను," అన్నాడు పొట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ. "గద్దన్న పైనుంటే నాకేం భయం? కళ్లు మూసుకుని నిలబడొచ్చు. నువ్వెళ్లి పడుకో జెండా. నీ కలలోకి పిన్ని రాకుండా చూసుకో."

పిన్ని గరిటె ఎత్తింది. పొట్టి తల కాచుకుంటూ నవ్వాడు. గద్ద మాత్రం నవ్వలేదు. బామ్మర్ది మొహంకేసి రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

ఇంటికెళ్లి దుప్పటి కప్పుకోవచ్చు. ఏమీ జరగకపోవచ్చు కూడా. జెండా గేటు వైపు నడుస్తున్న పొట్టి వీపుకేసి చూశాడు. ఇంకా రొట్టె నములుతూనే ఉన్నాడు.

"మేస్త్రీ!" అని పిలిచాడు జెండా. "బావని ఎక్కనివ్వకు. ఆ చేతికి స్పర్శ లేదు."

పళ్లేల చప్పుడు ఆగింది. నూనె చిటపటలు మాత్రమే మిగిలాయి.

"వాడికి నిద్ర చాలక పిచ్చెక్కింది," గద్ద గట్టిగా నవ్వాడు. "డాక్టరు చెప్పాక వీడి మాటేమిటి?"

మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బండి మీంచి చెంచా తీసుకున్నాడు. "అటు తిరుగు గద్దా. చెయ్యి వెనక్కి పెట్టు. చెంచా మోపుతాను. తగిలినప్పుడు చెప్పు, చాలు. పేచీ తీరిపోతుంది."

గద్ద అటు తిరిగాడు. ఎర్రటి అరచెయ్యి వెనక్కి చాచాడు. జనం మెడలు సాచారు. మేస్త్రీ చెంచాని చేతి దగ్గరగా తెచ్చి, మోపకుండా గాల్లోనే ఆపాడు.

గద్ద కాసేపు ఆగాడు. చెవులు రిక్కించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఆ, తగిలింది," అన్నాడు. "చల్లగా ఉంది."

ఎవరూ నవ్వలేదు. పిన్ని మొహం తిప్పుకుంది. ఆమె మొగుడు ఆ పొద్దున మొదటిసారి పెనం మీంచి తలెత్తాడు. మేస్త్రీ చెంచాని చప్పుడు కాకుండా బండి మీద పెట్టాడు. ఆ నిశ్శబ్దంలో గద్దకి విషయం అర్థమైపోయింది. వెనక్కి తిరగలేదు. చాచిన చెయ్యి అలాగే ఉంది, కాసేపు.

"స్టోర్‌కి రేపు వద్దువుగాని," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "ఇవాళ ఇంటికి పో." పొట్టి భుజం మీద చెయ్యేసి అతన్ని గేటు లోపలికి తీసుకెళ్లాడు.

గద్ద ఇస్త్రీ చొక్కా జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. గద్ద దాన్ని తీసి, బామ్మర్ది మొహం చూడకుండా చాచాడు. "మీ అక్క. నువ్వు చేసిన ఘనకార్యం నువ్వే చెప్పుకో."

జెండా అందుకున్నాడు. "అక్కా."

"నువ్వు ఎత్తావేమిట్రా? ఆయన ఎక్కారా?"

"లేదక్కా. ఎక్కనివ్వలేదు. నేనే చెప్పేశాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఆయన ఎటు చూస్తున్నారు?" అంది అక్క.

"రోడ్డుకేసి."

"ఒక్కణ్ణి వదలకు. నీకు నిద్రొచ్చినా సరే. వెంటపెట్టుకు రా."

గద్ద అప్పటికే నడక మొదలెట్టాడు. జెండా ఫోను జేబులో వేసుకుని వెనక పడ్డాడు.

"నా వెనక రాకు," అన్నాడు గద్ద తిరిగి చూడకుండా.

"సరే బావా," అన్నాడు జెండా, నడుస్తూనే.