టైలరమ్మ దాచిన సంగతి

ఆ వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ టైలరమ్మ దగ్గరే ఉన్నాయి. కొలతలే కాదు, గుట్లు కూడా. ఆమె దుకాణమంటే ఇంటి ముందుగదే. ఒక కుట్టుమిషను, ఒక నిలువుటద్దం, మూలన కొలతలు తీయడానికి ఒక తెర. ఆ తెర వెనక్కి వెళ్లిన మనిషి, ఎంత బింకం గలదైనా సరే, ఒకటో రెండో మాటలు జారవిడవకుండా బయటికి రాదు. టైలరమ్మ ఆ మాటల్ని పెదవి దాటనిచ్చేది కాదు. ఒకరి నడుం కొలత ఇంకొకరికి చెప్పకూడదన్నది ఆమె నియమం. ఆ నియమం గురించి ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది, లేదని ఎందుకనాలి?

తెర వెనక తరచూ వినపడే మాట ఒకటుంది. పిల్లల్ని కన్నవాళ్లు, కొత్త తల్లులూ పాత తల్లులూ, గొంతు తగ్గించి అడిగేవారు.

"దగ్గితే చాలు, తడిసిపోతోందమ్మా. లోపలి బట్టకి ఇంకో పొర వేసి కుట్టిపెడతావా? బయటికి తెలీకూడదు."

టైలరమ్మ తలూపేది. తడి పీల్చే మెత్తటి గుడ్డ మూడు మడతలు, దాని మీద నున్నటి గుడ్డ ఒకటి. ఆమెకది చిటికెలో పని. అలా కుట్టించుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కల నలభై మందికి తక్కువుండరు. ఈ పాడు బాధ తమ ఒక్కరికే వచ్చిందని ప్రతి ఒక్కరూ అనుకునేవారు. నలభై మంది ఉన్నారని తెలిసింది టైలరమ్మకే. నలభై ఒకటో మనిషి తానేనని తెలిసిందీ ఆమెకే.

ఆమెకు ఒక్కతే కూతురు. బడిలో డ్రిల్లు టీచరు. చిన్నప్పటి నుంచీ కాలికి బలపం కట్టుకుని తిరిగిన పిల్ల. ఆ పిల్లకి జీతం ఇచ్చి మరీ పరుగెత్తమన్నారంటే టైలరమ్మ ముక్కున వేలేసుకుంది. కూతురు మాత్రం మెడలో ఈల వేసుకుని మైదానంలోకి దిగితే ఇంకేమీ అక్కర్లేనట్టుండేది.

కాన్పు కష్టమైంది. పాప బొద్దుగా ఉంది, పట్టకారు వేసి లాగారు, బోలెడు కుట్లు పడ్డాయి. ఐదో నెలలో కూతురు మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పాపను చంకనేసుకుని వచ్చి, తల్లిని తెర వెనక్కి లాక్కెళ్లింది.

"అమ్మా, పిల్లలతో పాటు గెంతుతుంటే ఆగట్లేదమ్మా. కింద ఏదో బరువుగా, జారుతున్నట్టు కూడా ఉంటోంది. నేను పుట్టాక నీకూ ఇలాగే అయిందా?"

చెప్పడానికి ఎంతసేపు? అయిందే, ఇప్పటికీ ఉందే అంటే సరిపోయేది. కానీ అవునంటే, తనని కనబట్టే కదా అమ్మకీ తిప్పలు అని ఈ పిల్ల కుమిలిపోతుందేమోనని ఒక బెంగ. కూతురి ముందు చులకనైపోతానేమోనని ఇంకో బెంగ. పైగా ఎన్నో ఏళ్లుగా నోరు మూసుకుని మూసుకుని, తెరవడం ఎలాగో మరిచిపోయింది.

"నాకేం కాలేదే," అంది. "నిన్ను కన్న రెండో నెలకే మిషనెక్కాను. పచ్చి ఒళ్లు గనక అలా ఉంటుంది, ఏడాదికి అదే సర్దుకుంటుంది. ఎవరితోనూ అనకు, నవ్వుతారు. నీ ప్యాంట్లు ఇలా తే, లోపల గుడ్డ వేసిపెడతాను."

వేసిపెట్టింది. తన జన్మలో అంత నేర్పుగా ఏదీ కుట్టి ఉండదు. ఎంత వెతికినా కుట్టు కనపడదు. ఎలా ఉంది నా పనితనం అని మురిసిపోయింది కూడా. సూదికి లొంగని చిరుగు ఒకటి ఉంటుందని ఆ మహాతల్లికి తోచనే లేదు.

కూతురు మొదట బడిలో నీళ్లు తాగడం మానేసింది. తర్వాత గెంతడం, ఆ తర్వాత పరుగు. గట్టు మీద నిలబడి ఈల ఊదుతూ పిల్లల్ని పరుగెత్తించేది. ఆటల పోటీల రోజున, తాడులాగుడులో తన జట్టు ఓడిపోతుంటే చూడలేక తానూ ఒక చెయ్యి వేసింది. అంతే, మూడు మడతలూ చాలలేదు.

"టీచర్, తడి బెంచీ మీద కూర్చున్నారా?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. పాపం, ఆ పిల్ల మంచిగానే అడిగింది.

నెల తిరక్కుండా కూతురు ఆఫీసు గదిలో హాజరుపట్టీలు రాసే పనికి మార్పించుకుంది. మైదానానికి ఇంకొకర్ని తీసుకున్నారు. పాపతో అలసిపోతున్నానని భర్తకు చెప్పింది. తల్లికి అదీ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది.

"పోనీలే, నీడపట్టున పని. ఎండలో మాడే బాధ తప్పింది," అంది టైలరమ్మ. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు లెంపలేసుకుందో లెక్కలేదు.

పాపకు రెండో ఏడు నడుస్తుండగా కూతురికి మూత్రంలో మంట, వణుకుతో జ్వరం వచ్చాయి. పాపను అల్లుడి దగ్గర వదిలి, టైలరమ్మే ఆసుపత్రికి తోడు వెళ్లింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"నీళ్లు తాగకపోవడంతో ఇన్‌ఫెక్షన్ వచ్చినట్టుంది. అది మందులతో తగ్గుతుంది. కానీ గర్భసంచి కూడా కిందికి జారిందమ్మా. కాన్పులో సాగిన కండరాలకి మళ్లీ బలం రావాలంటే వ్యాయామాలుంటాయి, దగ్గరుండి నేర్పిస్తారు. మొదట్లోనే వచ్చుంటే వాటితోనే చాలావరకు కుదుటపడేదేమో. ఇప్పుడు ఆసరాగా లోపల రింగు పెట్టి, వ్యాయామాలు మొదలుపెడదాం. చాలకపోతే ఆపరేషన్ సంగతి చూద్దాం."

"మళ్లీ పరుగెత్తగలనా?"

"ప్రయత్నిద్దాం. ఇప్పుడే మాటివ్వలేను." డాక్టరమ్మ కలం తీసింది. "మీ ఇంట్లో ఆడవాళ్లకెవరికైనా ఉందా ఇది? కొన్ని కుటుంబాల్లో ఉంటుంది."

"లేదండీ," అంది కూతురు. "మా అమ్మకయితే ఏమీ కాలేదు. నన్ను కన్న రెండో నెలకే మిషనెక్కింది."

ఆ జ్వరంలోనూ ఆ పిల్ల గొంతులో తల్లంటే గొప్ప వినపడింది. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడిన తల్లికి కూతురి నమ్మకం కన్నా పెద్ద చెంపదెబ్బ ఉండదేమో.

"ఉంది," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నాకూ ఉంది డాక్టరమ్మా. దీని వయసెంతో అన్నేళ్లుగా ఉంది."

ఇద్దరూ బయట వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. తిడితే బాగుండునని టైలరమ్మ ఎదురుచూసింది. తిడితే ఏడ్చి, కాళ్లు పట్టుకోవచ్చు.

"ఉద్యోగం మారిపోయిందని కాదమ్మా," అంది చివరికి కూతురు, ఎదుటి గోడను చూస్తూ. "నీకేం కాలేదన్నావు కదా. అందరూ బాగానే ఉన్నారు, నా ఒళ్లే చేతకానిదనుకున్నాను. డాక్టర్ దగ్గరికి పోవడానికి కూడా సిగ్గేసింది. స్నానాల గదిలో ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా నీకు?"

టైలరమ్మకు తెలీదు. నలభై మంది గుట్టు తెలిసిన మనిషికి సొంత కూతురి ఏడుపు తెలీదు.

కూతురు గోడ పట్టుకుని లేచింది. చీటీలు రాసే కిటికీ దాకా మెల్లగా నడిచి, లోపలున్న మనిషితో ఏదో చెప్పి, ఒక చీటీ పట్టుకుని వచ్చింది. దాన్ని తల్లి ఒళ్లో పెట్టింది. చీటీ మీద తన పేరే ఉండటం చూసి టైలరమ్మ కళ్లు చెరువులయ్యాయి.

"నాకెందుకే ఇప్పుడు, ఈ వయసులో? ముందు నీ సంగతి..."

"పిలుస్తారు, లే," అంది కూతురు. "నేను లోపలికి రాను. అడిగినదానికి నిజం చెప్పు."