సీసాకి చెప్పిన మాట

ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పెద్దమ్మ పొద్దున్నే వచ్చి ముందుగా చేసే పని, వేలికున్న ఉంగరం తీసి కిటికీలో పెట్టడం. ఉంగరం తగిలితే గాజు మీద గీత పడుతుంది. గీత పడ్డ సీసా వారానికో నెలకో వేడి మీద పగిలి తీరుతుంది. ముప్ఫై ఏళ్ళ పనిలో ఆవిడ చేతుల్లో మూడే మూడు పగిలాయి, ఆ మూడూ ఆవిడకి ఇప్పటికీ గుర్తే.

సబ్బునీళ్ళయ్యాక మూడుసార్లు కుళాయి నీళ్ళు, మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్ళు. ఆ ఆరుసార్లూ లోపల్లోపల దేవుణ్ణి తలుచుకుంటుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి, ఆవిడ తొట్టి దగ్గరుండగా ఎవరూ నోరెత్తరు. సాయంత్రం నాలుగు కొట్టగానే చేతులు తుడుచుకుని, లోపలి గదిలో పెద్ద గుండ్రటి సీసా దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చుంటుంది. అప్పుడు ముందు రోజు టీవీలో వచ్చిన సీరియల్ కథని ఆ సీసాకి చెబుతుంది.

అది అక్కడి పనిలో భాగం. గోడకి అంటించిన కాగితం మీద మందు తయారుచేసే పద్ధతి వరసగా రాసి ఉంటుంది: కరిగించాలి, వడకట్టాలి, చల్లార్చాలి. తొమ్మిదోది, పెద్దమ్మ కథ చెప్పాలి.

ఊపిరితిత్తులు రోజురోజుకీ గట్టిపడి, చివరికి గాలి పట్టకుండా పోయే జబ్బుకి మందు అది. దాన్ని కనిపెట్టింది కళ్ళజోడమ్మ. కళ్ళజోడు కళ్ళ మీద కన్నా నెత్తి మీద ఎక్కువసేపు ఉంటుందని ఆ అమ్మాయికి ఆ పేరు. ఆరేళ్ళు తలకిందులుగా తపస్సు చేసి మందు తయారుచేసింది గానీ, అది సీసాలో నీళ్ళలాగే ఉండిపోయింది. గడ్డకట్టి స్ఫటికాలైతే తప్ప అందులో మలినం పోదు, మనిషికివ్వడానికి పనికిరాదు. మంచులో పెట్టారు, గాజుకడ్డీతో సీసా లోపల గీకారు, నెలల తరబడి కదపకుండా వదిలేశారు. ఉహూఁ.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ అక్కడే గరాటాలు తుడుస్తూ, పొడులు తూచే తూకాలాయనకి సీరియల్లో కోడలు కట్టుబట్టలతో ఇల్లు వదిలి వెళ్ళిన ఘట్టం చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు వణికింది. సీసాలో తెల్లటి సూదులు మొలిచాయి. ఒకటి, పది, తర్వాత సీసా నిండా. కళ్ళజోడమ్మ నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించుకుని చూసి, పుస్తకంలో రాసుకుంది: ఎనభై నాలుగో భాగం, కోడలు ఇల్లు వదిలింది, పదకొండు నిమిషాలు.

"కడ్డీతో గీకినా అంతే, గొంతు వణికినా అంతే. ఏదో ఒకటి కదిలించాలి దాన్ని," అంది.

తూకాలాయన తానూ ఒకసారి ప్రయత్నించాడు. తన అభిమాన హీరో కొత్త సినిమాని, పోరాటాలతో సహా, చేతులూపుకుంటూ గంటసేపు చెప్పాడు. మందు కాస్త పచ్చబడిందంతే.

"మీ హీరోగారు కామెర్లు తెప్పించారు దానికి," అంది పెద్దమ్మ.

"హీరోని అంటే ఊరుకోను పెద్దమ్మా!"

"నేనేమన్నానయ్యా, సీసా అంది."

ఆ మందు పక్క భవనంలోని ఆసుపత్రిలో పన్నెండు మందికి ఇస్తున్నారు. నర్సు రోజూ నింపే కాగితంలో మందు వల్ల వచ్చే ఇబ్బందుల జాబితా ఉంటుంది: నోరు చేదు, కాళ్ళ వాపు, చూడని సీరియల్ కథ తెలియడం. మొదటి రెండూ కొందరికే. మూడోది పన్నెండు మందికీ. మాత్ర మింగిన సాయంత్రానికల్లా అందులో ఉన్న కథ మొత్తం తెలిసిపోయేది. మూడో మంచం మీది బస్సు డ్రైవరు జన్మలో సీరియల్ చూసిన మనిషి కాదు. "ఆ అత్తగారు నా బస్సెక్కితే సగం దారిలో దింపేసేవాణ్ణి," అని పళ్ళు కొరుకుతుండేవాడు.

ఏడో మంచం పెద్దమ్మ చెల్లెలిది.

మందు మొదలుకాక ముందు చెల్లెలు ఒక వాక్యం పూర్తిచెయ్యడానికి మూడుసార్లు ఆగేది. ఇప్పుడు కిటికీ దాకా నడిచి వస్తోంది, పరాచికాలు కూడా ఆడుతోంది.

"అక్కా, మొన్న కథ చెబుతూ మధ్యలో తుమ్మావా?"

"ఏం?"

"కోర్టులో జడ్జిగారు తీర్పు చెబుతూ తుమ్మాడు. పన్నెండు మందిమీ ఒకటే నవ్వు."

అలా నవ్వుతున్న చెల్లెల్ని చూసినప్పుడల్లా పెద్దమ్మ మనసులో దేవుడికి దండం పెట్టుకునేది. పెట్టుకుని, తలొంచుకునేది.

ఒక శుక్రవారం సీరియల్ అయిపోయింది. గతం మరిచిపోయిన కోడలికి గతం గుర్తొచ్చింది, అత్త కాళ్ళ మీద పడింది, పదేళ్ళ పగలన్నీ రెండు ప్రకటనల మధ్య తీరిపోయాయి. శనివారం పెద్దమ్మ అదంతా సీసాకి చెప్పింది. సీసాలో నలుసంత కూడా కదల్లేదు.

"నాకే నమ్మకం కలగలేదమ్మా," అంది, తప్పు చేసినదానిలా. "నా గొంతెందుకు వణుకుతుంది?"

సోమవారం పాటల పోటీలో ఓడిపోయిన పిల్ల సంగతి చెప్పింది. మంగళవారం కొత్త సీరియల్ మొదటి భాగం చెప్పింది. మొదటిరోజే ఎవరి కోసమని ఏడుస్తుంది? ఇక లాభం లేదని కళ్ళజోడమ్మే స్టూలు మీద కూర్చుని తన ఆరేళ్ళ కష్టం చెప్పుకొచ్చింది. సభల్లో మాట్లాడి మాట్లాడి ఆ గొంతు రాటుదేలిపోయింది, ఎక్కడా వణకలేదు. ఆసుపత్రిలో మాత్రలు శుక్రవారం వరకే ఉన్నాయి. ఆపితే ఊపిరితిత్తులు మళ్ళీ గట్టిపడతాయి, రెండోసారి మెత్తబడతాయన్న భరోసా లేదు.

బుధవారం పెద్దమ్మ చూడబోతే చెల్లెలు దిండుకి ఆనుకుని ప్రశాంతంగా ఉంది.

"ఏముందక్కా. సీరియల్ అయిపోయింది, మేమూ అయిపోతాం."

"నోటికి ఏదొస్తే అదేనా!"

"కోప్పడకు. ఈ నాలుగు నెలలూ బోనస్సే కదా." దుప్పటి అంచు సరిచేసి, "నువ్వు కథ చెబుతుంటే బావుండేదక్కా," అంది.

పెద్దమ్మ ఆ పూట ఎక్కువసేపు కూర్చోలేకపోయింది.

గురువారం ఉదయం ఉంగరం తీసి కిటికీలో పెట్టింది. ఒక సీసా కడిగింది. కడిగిన సీసానే మళ్ళీ కడిగింది. ఎవరూ పలకరించకుండానే లెక్క తప్పింది. చేతులు తుడుచుకుని కళ్ళజోడమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"టీవీలో రానిది చెబితే పనికొస్తుందా?"

"ఎలాంటిది?"

"జరిగింది."

కళ్ళజోడమ్మ ఆవిడ ముఖంలోకి చూసి కలం కింద పెట్టింది. "పనికొస్తుంది. కానీ పెద్దమ్మా, ఒక్క మాట. మీరు చెప్పింది పన్నెండు మందికీ తెలుస్తుంది. మందులోకి వెళ్ళిన మాటని నేను వడకట్టలేను."

"ఏడో మంచానికీ?"

"ఏడో మంచానికీ."

"ఆ మంచానికి తెలియకూడదనే ఇన్నాళ్ళూ..." అని ఆగిపోయింది. ఆరిన చేతులే మళ్ళీ తుడుచుకుని, "నాలుగింటికి సిద్ధం చెయ్యమ్మా," అంది.

నాలుగు గంటలకి తూకాలాయన తనంతట తానే బయటికి వెళ్ళిపోయాడు. కళ్ళజోడమ్మ మాత్రం నిమిషాలు లెక్కపెట్టడానికి గడియారం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. పెద్దమ్మ స్టూలు లాక్కుని, రోజూ సీరియల్ మొదలుపెట్టే గొంతుతోనే మొదలుపెట్టింది.

"మా అమ్మ పోయేనాటికి నాకు పంతొమ్మిది, చెల్లికి పదహారు. ఇద్దరమే. అది పాడేది. అంట్లు తోముతున్నా పాటే, బట్టలు ఆరేస్తున్నా పాటే. రేడియో వాళ్ళు కొత్త గొంతులు కావాలంటే నా చెప్పులేసుకుని వెళ్ళి పాడి వచ్చింది. తర్వాత రోజూ గుమ్మంలోనే. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు, చేతిలో పని చేతిలోనే. నలభై రోజులకి ఉత్తరం వచ్చింది. అప్పుడు అది ఇంట్లో లేదు. నేనున్నాను."

సీసాలో మందు నిశ్చలంగా ఉంది.

"రమ్మన్నారు. అక్కడే ఉండి నేర్చుకోవాలన్నారు. చదివి, గదిలోకి చూశాను. గోడకి రెండు పళ్ళేలు ఆనించి ఉన్నాయి. ఒకటే ఉంటే ఎలా ఉంటుందో కనిపించింది నాకు. పొయ్యి వెలుగుతోంది. అందులో పెట్టాను."

కళ్ళజోడమ్మ గడియారం వంక చూడటం మర్చిపోయింది.

"అంతవరకైతే దేవుడు క్షమిస్తాడేమో. భయంతో చేశాను. కానీ నెల తర్వాత ఒకరోజు అది ఏడుస్తూ, ఎందుకు రాయలేదక్కా అని అడిగింది. నేను... నీ గొంతు వాళ్ళకి నచ్చలేదేమోలే, అన్నాను." ఆవిడ గొంతు వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది. "ఆ రోజు నుంచి అది పాడలేదు. నలభై రెండేళ్ళు. పొయ్యి దగ్గర కూడా పాడలేదు. ఇప్పుడు ఆ గొంతులోనే ఊపిరి ఆడకుండా పోతోంది."

సీసా అడుగున టిక్కుమని చిన్న చప్పుడైంది. తెల్లటి సూదులు మొలిచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైదాకా వచ్చాయి. ఇంత పొడుగైనవి ఇదివరకెప్పుడూ రాలేదు. కళ్ళజోడమ్మ పుస్తకం తెరిచి తేదీ రాసింది, సమయం రాసింది. కథ అని ఉన్న చోటు ఖాళీగా వదిలేసింది.

శుక్రవారం వాటిని వడకట్టి, ఆరబెట్టి, మాత్రలు చేశారు. శనివారం పొద్దున్న పన్నెండు మందీ మింగారు.

ఆదివారం పెద్దమ్మ ఉతికిన బట్టల సంచీతో ఆసుపత్రికి వెళ్ళింది. ఎప్పుడూ జాతరలా ఉండే గది చప్పబడిపోయింది. మొదటి మంచం ఆవిడ కిటికీలోకి చూస్తోంది. రెండో మంచం ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బస్సు డ్రైవరు మాత్రం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మొదటిసారి లేచి నిలబడి, దారిలో ఉన్న తన కుర్చీ పక్కకి జరిపాడు. "వెళ్ళమ్మా," అన్నాడు.

చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెద్దమ్మ బట్టలు అక్కడ పెట్టి, కాసేపు నిలబడి వచ్చేసింది. సోమవారం, మంగళవారం కూడా అంతే. నర్సు చెప్పడమేమో ఊపిరి ఎన్నడూ లేనంత బాగుందని. ముఖం మాత్రం గోడకే.

బుధవారం కళ్ళజోడమ్మ ఆవిణ్ణి పిలిచి కూర్చోబెట్టింది.

"మీరిక రోజూ కథ చెప్పక్కర్లేదు పెద్దమ్మా. ఈ స్ఫటికాలు చిటికెడు దాచాను. పెరుగుకి తోడు వేసినట్టు, కొత్త మందులో ఇది వేస్తే చాలు, గడ్డకడుతుంది." చెప్పి, కళ్ళజోడు తీసి చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. "కాకపోతే, తోడు ఇదే కాబట్టి కథ కూడా ఇదే వెళుతుంది. ఎక్కడ ఎవరు మింగినా. ఎన్ని వేలమంది మింగితే అన్ని వేలమందికి. మీరు వద్దంటే పారేస్తాను. మళ్ళీ వెతుకుదాం, ఇంకో ఆరేళ్ళు."

పెద్దమ్మ తన చేతుల్లోకి చూసుకుంది. నీళ్ళల్లో నాని నాని తెల్లబారిన వేళ్ళు.

"వాళ్ళకి ఊపిరి ఆడుతుందా?"

"ఆడుతుంది."

"అయితే తెలియనీ," అంది.

ఆ సాయంత్రం ఆవిడ వెళ్ళేసరికి ఏడో మంచం మీద చెల్లెలు లేచి కూర్చుని ఉంది. మంచం పక్కన స్టూలు వేసి ఉంది. గదిలో టీవీలో ఎవరో కొత్త కోడలు ఎవరో కొత్త అత్త మీద అరుస్తోంది.

"కూర్చో," అంది చెల్లెలు.

కూర్చుంది.

"సీసాకి చెప్పావు. పదకొండు మంది పరాయివాళ్ళకి చెప్పావు. నాకు చెప్పలేదు."

పెద్దమ్మ స్టూలు మంచానికి ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"నన్ను వదిలి ఉండలేనని ఆ రోజు చెబితే, నేనే వెళ్ళేదాన్ని కాదేమో. లేకపోతే నిన్నూ తీసుకెళ్ళేదాన్నేమో. ఏమో. అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు నువ్వు." ఇంత పొడుగు మాట ఒక్కసారి కూడా ఆగకుండా అంది. తర్వాత కళ్ళు మూసుకుంది. "ఆ ఉత్తరంలో ఏం రాసి ఉందో సీసాకి చెప్పలేదు. అది నాకు తెలియలేదు. గుర్తుందా?"

"అక్షరం అక్షరం."

"చెప్పు."

పెద్దమ్మ వేలికున్న ఉంగరం తీసి కిటికీలో పెట్టింది. చెల్లెలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మూడో మంచం మీది డ్రైవరు రిమోటు అందుకుని టీవీ నోరు మూయించాడు.

"నీలం సిరాతో రాశారు," అంది. "పైన నీ పేరు. కింద మొదటి మాట: మీ గొంతు మాకు నచ్చింది."

చెల్లెలు ఊపిరి లోపలికి తీసుకుంది. అది చాలాసేపు, ఎక్కడా చిక్కుకోకుండా, లోపలికి వెళుతూనే ఉంది.

"మళ్ళీ చెప్పు," అంది.